షమ్మా పగ్గం

"వచ్చాడమ్మా మీ ఆయన," అంది ఉమ్ నాయెఫ్, వంటింటి కిటికీ తెరని వేలితో పక్కకి జరిపి. "ఉత్త చేతులతో రాలేదులే. గడ్డిమోపు తెచ్చాడు."

ముజ్నా తలెత్తలేదు. గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగు తెల్లారేసరికి గట్టిపడింది. దాన్ని అరచేతుల మధ్య ఉండలు చేసి, ఆలివ్ నూనె సీసాలోకి ఒక్కొక్కటే జారవిడుస్తోంది.

బయట గేటు దగ్గర ధియాబ్ గొంతు వినిపించింది. మామగారికి సలాం చెప్పాడు. ఇంట్లో అందరూ కులాసానా అని అడిగాడు. తర్వాత కాస్త ఆగి, తల్లీకూతుళ్ళిద్దరూ అనుకున్న ప్రశ్నే అడిగాడు.

"షమ్మా మేత ముడుతోందా, మామయ్యా?"

ముజ్నా చేతిలో ఉండ చితికింది.

ఆమె పుట్టింటికి వచ్చి వారం దాటింది. రోజు విడిచి రోజు అతను అవతలి కొండ దిగి వస్తున్నాడు. గేటు దగ్గరే నిలబడుతున్నాడు. మేక సంగతి కనుక్కుని వెళ్ళిపోతున్నాడు. ధియాబ్ అంటే తోడేలు. తోడేలు పేరు పెట్టుకుని పుట్టినప్పటి నుంచీ మేకల వెనకే తిరుగుతున్న మనిషి. అజ్లూన్ కొండల్లో ఆ పేరు మీద పడే హాస్యాలకి లెక్కలేదు.

"నా భార్య ఎలా ఉందని ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని గొణిగింది ఉమ్ నాయెఫ్. ఆ గొణుగుడు గేటు దాకా వినబడేంత గట్టిగానే ఉంది.

ముజ్నా చితికిన ఉండని మళ్ళీ గుండ్రంగా చేసింది.

అబూ నాయెఫ్ అల్లుణ్ణి గేటు దగ్గర నిలబెట్టి కడిగేస్తానని పొద్దున్నే భార్యకి మాటిచ్చాడు. తీరా అల్లుడు ఎదురుపడేసరికి షమ్మా పొదుగు ఎడమ పక్క కాస్త వెచ్చగా తగిలిందన్న సంగతి ఆయన నోరు జారింది. అంతే. గడ్డిమోపు అక్కడే పడేసి ఇద్దరూ కొట్టంలోకి పరుగెత్తారు. వెచ్చదనం ఎప్పటి నుంచి, పాలల్లో తరకలేమన్నా కనిపించాయా, వేడినీళ్ళ గుడ్డతో కాపారా అని అల్లుడు అడగడమూ, ఆయన పూసగుచ్చినట్టు చెప్పడమూ వంటింట్లోకి వినిపిస్తూనే ఉన్నాయి.

"చూడు, చూడు," అంది ఉమ్ నాయెఫ్. "కడిగేస్తానన్నాడు మీ నాన్న. ఇప్పుడిద్దరూ ఆ పొదుగు పక్కన గొంతుక్కూర్చున్నారు, చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ముల్లాగా."

ముజ్నాకి నవ్వొచ్చింది. దాని వెనకే కోపం వచ్చి ఆ నవ్వుని మింగేసింది.

షమ్మా మామూలు మేక కాదు, నిజమే. గోధుమ ఎరుపు వన్నె, గడ్డం దాటి వేలాడే చెవులు, చిలకముక్కులా వంగిన ముక్కు, నడుస్తుంటే మోకాళ్ళకి తగిలే నిండు పొదుగు. ఏడు తరాల దాని వంశం పెంపకందార్ల సంఘం పుస్తకంలో నమోదై ఉంది. యజమాని అని ఉన్న చోట మాత్రం ధియాబ్ పేరు లేదు, ముజ్నా పేరుంది.

పెళ్ళిమాటల నాడు, వరుడు ఇవ్వవలసిన మహర్ కింద ఏం కావాలో కోరుకోమన్నారు పెద్దలు. గాజులంటుంది, గొలుసంటుంది అని అందరూ కాచుకుని ఉంటే, ధియాబ్ మందలో ఆ వారమే పుట్టిన ఎర్ర మేకపిల్ల కావాలంది. మేకల ఇంట పుట్టి పెరిగిన పిల్ల కదా. గదిలో ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మూల కూర్చున్న ధియాబ్ ఒక్కడే నవ్వలేదు. అతని ముఖం దీపం వెలిగించినట్టయింది. ఆ ముఖం చూసే ఆమె అతన్ని ఇష్టపడింది.

అందుకే ఇల్లు విడిచి వస్తున్నప్పుడు షమ్మా పగ్గం విప్పుకుని వస్తుంటే అడ్డం రావడానికి అత్తగారికి కూడా నోరు రాలేదు.

ఎందుకు వచ్చేసిందో మాత్రం ముజ్నా ఎవరికీ చెప్పలేదు. తల్లి గుచ్చిగుచ్చి అడిగింది. కొట్టాడా? లేదు. తిట్టాడా? లేదు. ఇంకో పెళ్ళి మాటేమన్నా వచ్చిందా? లేదు. అక్కడ ఉండబుద్ధి కాలేదు, అంతే, అంది. తల్లి నమ్మలేదు.

*

మధ్యాహ్నం చాప పరిచి కూర్చున్నారు ముగ్గురూ. కందిపప్పు చారులో రొట్టె తుంచుకుని నానబెట్టుకుంటూ అబూ నాయెఫ్ గొంతు సవరించుకున్నాడు. ఎల్లుండి గురువారం ఇర్బిద్ పట్నంలో వసంతకాలపు మేకల ప్రదర్శన అని గుర్తు చేశాడు. ఆ సంగతి అక్కడ గోడలక్కూడా తెలుసు. తర్వాత ఆలివ్ కాయ గింజని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పాడు.

"షమ్మాని ఈసారి మన కొట్టం నుంచే తీసుకెళ్దామనుకుంటున్నాను," అన్నాడు చివరికి.

ఉమ్ నాయెఫ్ చేతిలో రొట్టె ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది.

"పగ్గం ఎవరు పట్టుకుంటారు?"

"నేనే."

ఏటేటా ఇర్బిద్‌లో ఆయన మేకలు రెండో స్థానంలో నిలబడుతున్నాయి. మొదటి స్థానంలో అల్లుడి మేక ఉంటుంది. పందెంలో ఓడినా అల్లుడి చేతిలోనే కదా ఓడాను, గెలుపు ఇంట్లోనే ఉందని నలుగురి ముందూ నవ్వేస్తాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. ఆ మౌనాలన్నీ భరించింది ఉమ్ నాయెఫే.

"అందుకా," అందావిడ మెల్లగా. "అందుకా అల్లుణ్ణి ఒక్క మాట అనకుండా సాగనంపుతున్నావు? పిల్ల కాపురం ఏమైపోతుందోనని నాకు తిండి సయించట్లేదు. నువ్వేమో ఆ మేకని దువ్వుకుంటూ కూనిరాగాలు తీస్తున్నావు. నిన్న దాని గిట్టలకి నూనె రాశావు, నేను చూడలేదనుకున్నావా? నా మోకాళ్ళకి నూనె రాసి ఎన్నాళ్ళయింది? నిజం చెప్పు. పిల్ల ఇంటికొచ్చిందని దిగులా, మేక ఇంటికొచ్చిందని సంబరమా?"

అబూ నాయెఫ్ చారు గిన్నెలోకి చూశాడు. ఆయన అబద్ధం చెప్పలేని మనిషి. అది ఆయనకెప్పుడూ కలిసిరాలేదు.

"రెండూ," అన్నాడు.

ఆవిడ రొట్టె కింద పెట్టేసింది. ఆయన మీసం తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు.

"మేక నీది, తల్లీ. నువ్వు వద్దంటే వద్దు."

ముజ్నా గిన్నెలు ఎత్తుకుంటూ లేచింది. ఆలోచించి చెబుతానంది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది గానీ గిన్నెలు కడగలేదు. ఆ నీళ్ళ చప్పుడులో నిలబడి ఒకటే అనుకుంది. భర్త గేటు దాకా వచ్చాడు, మేక కోసం. తండ్రి చాప మీద తన మాట కోసం ఎదురుచూశాడు, మేక కోసం. షమ్మా మీద ఆమెకి కోపం లేదు. పాపం దానికేం తెలుసు?

*

సాయంత్రం పాలు పితకడానికి తల్లీకూతుళ్ళు కలిసి వెళ్ళారు. షమ్మా పొదుగు వెచ్చదనం తగ్గింది. తల్లి ఎప్పటిలా దాని పక్కన పీట వేసుకుని, నుదురు దాని డొక్కకి ఆనించి పితకడం మొదలుపెట్టింది. గిన్నెలో ధార చప్పుడు మొదట పలచగా, తర్వాత చిక్కగా వినిపిస్తోంది. ముజ్నా దాని మెడ పట్టుకుని నిలబడింది.

తల్లి ఏమీ అడగలేదు. అడగనందుకే కాబోలు, ముజ్నా నోరు విప్పింది.

"చలికాలంలో నాకు కడుపు నిలిచిందమ్మా."

ధార ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ సాగింది.

ఐదో నెల వచ్చాక చెబుదామనుకున్నాం, అంది ముజ్నా. పెళ్ళయిన నాలుగేళ్ళకి నిలిచింది, దిష్టి తగులుతుందని అత్తయ్య ఎవరికీ చెప్పనివ్వలేదు. ఐదో నెల వచ్చింది, పోయింది. ఆస్పత్రిలో మగపిల్లాడని చెప్పారు. ముఖం కూడా చూపించలేదు. ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. సరిగ్గా ఆ వారమే షమ్మా ఈనింది. ధియాబ్ ఆ రోజంతా కొట్టంలోనే ఉన్నాడు. దాని ఒళ్ళు తుడుస్తూ, గోరువెచ్చని బెల్లం నీళ్ళు తాగిస్తూ, దానితో కబుర్లు చెబుతూ. గోడ ఇవతల మంచం మీద పడుకుని ఆమె అదంతా విన్నది. తన గదిలోకి వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి, 'షమ్మాకి కవలలు' అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పోయిన బిడ్డ మాట వాళ్ళిద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదే?" అంది తల్లి.

"చెబితే నిజమైపోతుందనిపించింది."

ఉమ్ నాయెఫ్ తలగుడ్డ చివరతో ముక్కు తుడుచుకుంది. షమ్మా వెనక కాలు కదిపితే అరచేత్తో తట్టి నిలబెట్టింది.

మిగతాది చెప్పడానికే ముజ్నాకి ఎక్కువ కష్టమైంది. మొన్నామధ్య అజ్లూన్ పోటీలో షమ్మా గెలిచిందని ధియాబ్ స్నేహితులు ఇంటికొచ్చారు. మాంసం, అన్నం, నవ్వులు. ఆ దేశంలో మగవాణ్ణి మొదటి బిడ్డ పేరుతో పిలవడం మర్యాద. ముజ్నా అన్న నాయెఫ్ పుట్టిన రోజున ఈ ఇంటి పెద్దాయన అబూ నాయెఫ్, అంటే నాయెఫ్ తండ్రి అయ్యాడు. ఆవిడ ఉమ్ నాయెఫ్ అయింది. సొంత పేర్లు వాళ్ళే మర్చిపోయారు. ధియాబ్‌కి ఆ మర్యాద ఇంకా దక్కలేదు. దాణా కొట్టు బర్జస్ గ్లాసెత్తి, 'ఇవాళ్టి నుంచి వీడు అబూ షమ్మా' అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"ఆయన కూడా నవ్వాడు," అంది ముజ్నా. "నవ్వి, 'అవునర్రా, నాకున్న సంతానం అదే' అన్నాడు. నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను."

ధార ఆగిపోయింది. తల్లి గిన్నె పక్కన పెట్టి, నుదురు మేక డొక్కకే ఆనించి, షమ్మా మెడ మీదున్న కూతురి చేతిని వెతికి పట్టుకుంది. తల్లి చెయ్యి పాలతో తడిగా, వెచ్చగా ఉంది.

*

పొదుగు సంగతి కనుక్కోవడానికి మర్నాడే ధియాబ్ మళ్ళీ వచ్చేటప్పటికి ముజ్నా డాబా మీద బట్టలు ఆరేస్తోంది. గేటు దగ్గరికి వెళ్ళింది అబూ నాయెఫ్ కాదు, ఉమ్ నాయెఫ్.

పైనుంచి మాటలు వినబడలేదు. తల్లి చెయ్యి నడుం మీద ఉండడం కనిపించింది. అంటే తిట్లే అన్నమాట. కాసేపటికి ఆ చెయ్యి నడుం మీంచి జారింది. ధియాబ్ గేటు ఊచలకి నుదురు ఆనించాడు. తల్లి గేటు గొళ్ళెం తీసి, అతని భుజం మీద ఒక్కటి కొట్టింది. కొట్టిన చెయ్యి అక్కడే ఉంచింది.

ముజ్నా దుప్పటి చాటున నిలబడి, గాలికి అది ముఖాన కొట్టుకుంటుంటే పక్కకి తప్పుకోలేదు.

తల్లి మెట్లెక్కి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాలుగు మాటలు చెప్పాను. నాకు తోచినవి. మిగతాది మీ ఇద్దరిదీ. నేను దూరను," అని ఆరేసిన బట్టల్లో ఒకదాన్ని తీసి, అవసరం లేకపోయినా మళ్ళీ ఆరేసింది.

కింద ఈలోగా వేరే గొడవ లేచింది. ధియాబ్ మొదటిసారి వాకిట్లోకి వచ్చాడు కదా, అబూ నాయెఫ్ మనసులో దాచుకున్న గురువారం సంగతి బయటపెట్టేశాడు. షమ్మాని తనే నడిపిస్తానన్నాడు. ధియాబ్ మర్యాద తప్పకుండానే అడ్డం తిరిగాడు. దాని పగ్గం తన చేతికే అలవాటు, కొత్త చెయ్యి పడితే నాలుగు కాళ్ళూ నేలలో పాతేస్తుందన్నాడు. మేకని నడిపించడం నీకు నేర్పిందెవరో మర్చిపోయావా అని మామగారు. మర్చిపోలేదు, అందుకే గదా మీ మేకల కంటే నా మేక ముందుంటోందని అల్లుడు. ఆ మాట అన్నాక అతనే నాలిక కరుచుకున్నాడు. అబూ నాయెఫ్ మీసాలు వణికాయి.

ముజ్నా తడిచేతులు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. వారం రోజుల తర్వాత భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. అతను చిక్కిపోయాడు. గడ్డం మాసింది. ఆమె చూడకూడదనుకుంటూనే చూసింది.

"నేను నడిపిస్తాను," అంది.

మగవాళ్ళిద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"నువ్వా?" అన్నాడు అబూ నాయెఫ్. "అంతమంది మగవాళ్ళ మధ్యనా, తల్లీ?"

"పాలు పితికేది మేము. పురుడు పోసేది మేము. రోగమొస్తే పక్కన కాచుక్కూర్చునేది మేము. బహుమతి పుచ్చుకునేటప్పుడు మాత్రం మీసాలు కావాలా, నాన్నా?"

మెట్ల మీద నుంచి ఉమ్ నాయెఫ్ నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో వారం తర్వాత వినిపించిన మొదటి నవ్వు అది. అబూ నాయెఫ్ మీసం మీదకి చెయ్యి పోనిచ్చి, అక్కడేదో అంటుకున్నట్టు తుడుచుకున్నాడు. సంఘం నియమాల ప్రకారం యజమాని మాటే చెల్లుతుందని, ఇక తను చేసేదేమీ లేదని ఎవరికో చెబుతున్నట్టు చెప్పుకుంటూ కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

ధియాబ్ మిగిలాడు. నేల చూపులు చూశాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి.

"తల ఎత్తి పట్టుకో," అన్నాడు. "దాని ముందు నడవకు. భుజం పక్కన నడువు. పందిరి నీడ చూస్తే బెదురుతుంది, ఎండలోంచే తిప్పు."

"తెలుసు."

"తెలుసనుకో."

కొట్టంలో షమ్మా అతని గొంతు పసిగట్టి అరుస్తోంది. అతను అటు కదల్లేదు.

"పగ్గం చేతికి చుట్టుకోకు," అన్నాడు ఇంకాస్త మెల్లగా. "గుంజిందంటే నీ మణికట్టు కోసుకుపోతుంది."

అని గబగబా గేటు దాటి వెళ్ళిపోయాడు. ముజ్నా అక్కడే నిలబడి ఆ మాటని మరోసారి మనసులో అనుకుంది. చలికాలం నుంచి ఇప్పటిదాకా అతను ఆమెతో అన్న మాటల్లో మేక గురించి కానిది అదొక్కటే.

*

గురువారం ఇర్బిద్ మైదానం నిండిపోయింది. తాళ్ళు కట్టిన బరి, దాని చుట్టూ గుంపులు గుంపులుగా జనం, పుదీనా ఆకు వేసి మరిగించిన టీ వాసన, స్పీకర్లో గరగరలు. పాలమేకల వరసలో నిలబడ్డవాళ్ళలో ఆడది ముజ్నా ఒక్కతే. నల్లబట్ట మీద ఎర్రదారం కుట్టుపని చేసిన పెళ్ళినాటి దుస్తులు వేసుకుంది. తల్లి పట్టుబట్టి వేయించింది. మేక ఎర్రనిది, నువ్వు కూడా ఎరుపే వేసుకోవాలంది.

తండ్రి తాడు అవతల నిలబడి, పొదుగు కనబడేలా తిప్పమని సైగలు చేస్తున్నాడు. ధియాబ్ వాళ్ళతో రాలేదు. తన బండిలో వేరేగా వచ్చి, జనంలో ఎక్కడో వెనగ్గా నిలబడ్డాడు. ముజ్నా అటు చూడలేదు. ఎక్కడున్నాడో మాత్రం తెలుసు.

తీర్పరి ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో మేక దగ్గరా ఆగుతున్నాడు. పళ్ళు చూశాడు, వెన్ను నిమిరాడు, వంగి పొదుగుని అరచేతిలో తూచినట్టు పట్టుకున్నాడు. షమ్మా దగ్గర అందరి దగ్గరకంటే ఎక్కువసేపే ఆగాడు. ఓ చుట్టు నడిపించమన్నాడు.

ముజ్నా దాని భుజం పక్కన నడిచింది. షమ్మా తలెత్తుకుని, చెవులు ఊపుకుంటూ, మెహందీ పెట్టుకున్న పెళ్ళికూతురిలా నడిచింది. సగం చుట్టు అయ్యేసరికి ఆగిపోయింది. జనంలోకి చూసి మెడ చాచి అరిచింది. ముజ్నా పగ్గం గుంజింది. అది నాలుగు కాళ్ళూ నేలలో పాతేసింది. జనం దారి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుంటే, తాడుకి అవతల ధియాబ్ కనిపించాడు.

అతని పక్కనే దాణా కొట్టు బర్జస్ ఉన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"చూశావా, అబూ షమ్మా?" అన్నాడు. "నీ కూతురు నిన్ను వదిలి అడుగు వెయ్యనంటోంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందులో చెడ్డతనమేమీ లేదు. ఎండలో పొద్దున్నుంచీ నిలబడ్డవాళ్ళకి ఒక హాస్యం దొరికింది, అంతే. ముజ్నా పగ్గం వైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడతను కూడా నవ్వుతాడు. ఆ నవ్వు వినబడకుండా ఉంటే చాలనుకుంది.

"నన్నలా పిలవకు, బర్జస్," అన్నాడు ధియాబ్.

గొంతు పెద్దది చెయ్యలేదు. బర్జస్‌కి అది కూడా హాస్యంలాగే వినిపించినట్టుంది, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"నాకు కొడుకున్నాడు. పేరు రాకాన్. ఐదో నెలలోనే వెళ్ళిపోయాడు, అయినా నా కొడుకే. పిలిస్తే అబూ రాకాన్ అను. లేదంటే ఉత్త ధియాబ్ అను. ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది."

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. బర్జస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ముజ్నాకి చుట్టూ ఉన్న మైదానం దూరంగా జరిగినట్టయింది. మగపిల్లాడని చెప్పారామెకి. వాడికో పేరుందని ఎవరూ చెప్పలేదు. ఇన్ని నెలలూ వాణ్ణి 'అది' అనే తలుచుకుంది, 'అది జరిగినప్పుడు', 'అది పోయాక' అని. రాకాన్. నాలిక మీద ఆ పేరు కొత్తగా, బరువుగా ఉంది.

షమ్మాని నడిపించుకుంటూ బరి తాడు దగ్గరికి వచ్చింది. ఈసారి అది మొరాయించలేదు.

"పేరు ఎప్పుడు పెట్టావు?"

"ఆ రోజే. నీకింకా మెలకువ రాలేదు. పేరు పెట్టకుండా మట్టిలో పెట్టకూడదన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"గాయం రేపొద్దంది అమ్మ. అది సాకు అనుకో. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా మేక సంగతే వచ్చేది, ముజ్నా. ఆ మాట చెప్పడం తేలిక. షమ్మాకి కవలలని చెప్పడానికి రాలేదు నేనా రోజు నీ గదికి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. పెళ్ళిమాటల నాడు వెలిగిన ముఖమే అది. ఇప్పుడు ఆ వెలుగు లేదు. తన మీద కోపం తెచ్చుకుని అలిసిపోయిన మనిషి ముఖం. ఆమెకి జాలి కలిగింది. జాలితో పాటు, నాకు చెప్పకుండా ఒక్కడివే వాణ్ణి తీసుకెళ్ళి దాచుకున్నావా అన్న కొత్త కోపం కూడా కలిగింది. ఈ కోపం పాత కోపం కంటే పెద్దది. దీన్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళడానికి లేదు.

"ఎక్కడున్నాడు?"

"మా నాన్న సమాధి పక్కన. చిన్న రాయి పెట్టాను."

స్పీకర్లో షమ్మా వరస సంఖ్య పిలిచారు. తీర్పరి ముందుకి రమ్మంటున్నాడు. మొదటి వరసలోకి పిలిచారంటే దానర్థం ఏమిటో మైదానంలో చిన్నపిల్లలకీ తెలుసు. అబూ నాయెఫ్ జనాన్ని తోసుకుంటూ వచ్చేశాడు.

"ముజ్నా, నిన్నే పిలుస్తున్నారు. కానీ తల్లీ, కానీ."

ముజ్నా పగ్గం తండ్రి చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ ఆయన పట్టేసుకున్నాడు. ఏం పట్టుకున్నాడో తర్వాత చూసుకున్నాడు. ఆమె వంగి తాడు కింద నుంచి ఇవతలికి వచ్చి, "పద," అంది ధియాబ్‌తో.

బండి దాకా వెళ్ళి ఒక్కసారి తిరిగి చూసింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన చోట నిలబడి ఉన్నాడు అబూ నాయెఫ్, బరి మధ్యలో, షమ్మా పగ్గం పట్టుకుని. తీర్పరి ఆయనకేదో చెబుతున్నాడు. ఆయన వినడం లేదు. మెడ తిప్పి వీళ్ళ వైపే చూస్తున్నాడు. బరి అంచున ఉమ్ నాయెఫ్, తాడు మీద రెండు చేతులూ వేసి, ఆవిడ కూడా ఇటే చూస్తోంది.

ధియాబ్ బండి తాళం తిప్పాడు. రెండోసారికి గానీ అంటుకోలేదు. బండి మైదానం దాటి కొండదారి ఎక్కింది.

"అమ్మకి కబురు చేస్తాను," అన్నాడు జంకుతూ. "మనం ఇంటికి వస్తున్నామని..."

"ఇంటికని నేననలేదు. ముందు వాడి దగ్గరికి."

"ఆ తర్వాత?"

ముజ్నా కిటికీ అద్దం దించింది. గాలి జోరుగా లోపలికి కొట్టింది. ఆమె తలగుడ్డ జారకుండా ఒక చేత్తో పట్టుకుంది.

"దారి చూసి నడుపు," అంది.